చెప్పు జారుతుంటే ఇంకా మాత్రలేనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గాజువాకలో బియ్యం గోడౌన్‌లో కళాసీ పని. రోజూ 50 కిలోల బస్తాలు మోస్తాను. బరువులకు వెన్నులో డిస్కులు నలిగిపోయి ఎత్తు తగ్గిపోతామంటున్నారు, నిజమేనా? నెల నుంచి నడుం దగ్గర మొదలై ఎడమకాలి బొటనవేలి దాకా లాగుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. బీపీ ఉంది. ఈమధ్య నడుస్తుంటే ఎడమ చెప్పు తెలియకుండానే జారిపోతోంది.

జవాబు: మీరు చివర్లో రాసిన చెప్పు సంగతే నాకు టెన్షన్‌గా ఉంది. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేసి చూడండి. ఎడమ పాదం ముందు భాగం పైకి లేవకపోతే నరం బలహీనపడుతోందని అనుమానించాలి. షుగర్ లాంటి వేరే కారణాలూ ఉండొచ్చు, చూడకుండా నేను తేల్చలేను. లేచినా సరే, రేపే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనో, దగ్గర్లోని ఎముకల డాక్టరుకో చూపించుకోండి.

ఇక డిస్కు విషయం. అది రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. మధ్యలో నీరు పట్టిన గుజ్జు, చుట్టూ పొరలు పొరలుగా నార ఉంటాయి. బరువు పడితే గుజ్జులో ఒత్తిడి పెరిగి నార బిగుస్తుంది. బరువు అలాగే ఉంటే నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ చేరుతుంది. సాయంత్రానికి సెంటీమీటరున్నర దాకా ఎత్తు తగ్గడం బస్తా ముట్టనివాళ్లకూ మామూలే. నిలువుగా పడే బరువు మరీ ఎక్కువైతే సాధారణంగా ముందు దెబ్బతినేది డిస్కు కాదు, దాన్ని పూసకు అంటిపెట్టే పలుచటి పలక. నడుం వంచి, పక్కకు తిరిగి ఎత్తినప్పుడే ఎక్కువగా వెనక నార సాగి చిరుగుతుంది, గుజ్జు అటు తోసుకొచ్చి కాలికి వెళ్లే నరాన్ని నొక్కొచ్చు. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక మనిషి డిస్కులో సెన్సార్ పెట్టి కొలిచారు. 20 కిలోలు నడుం వంచి ఎత్తితే ఒత్తిడి ఊరికే నిలబడ్డప్పటికన్నా నాలుగు రెట్లు దాటింది. మీ బస్తా 50 కిలోలు! నిద్ర లేచేసరికి డిస్కు నీటితో ఉబ్బి ఉంటుంది, మొదటి గంటలో వంగితే దానిమీద మరింత భారం. తెల్లారగట్ల లారీ వచ్చిందని మంచం దిగి నేరుగా బస్తా పట్టుకోకండి. ఇప్పుడైతే డాక్టరు చూసేదాకా బరువులే వద్దు.

మాత్రల మాట చెప్పకుండా ఉండలేను. బీపీ ఉండి నెలరోజులు ఎవరినీ అడగకుండా వాడతారా? ఇవి బీపీ పెంచుతాయి, కిడ్నీలనూ కడుపునూ దెబ్బతీయొచ్చు. అన్నిటికన్నా నాకు భయం, అవి నొప్పిని అణిచేస్తే మీరు తగ్గిందనుకుని బస్తా ఎత్తేస్తారు. లోపల నరం నలుగుతూనే ఉంటుంది. కాలు నీరసపడ్డాక నెలల తరబడి ఆలస్యమైతే, చికిత్స చేసినా పూర్తి బలం రాకపోవచ్చు.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఓపీ కోసం చూడకండి, అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకెళ్లండి, బీపీ మాత్రలవి కూడా.