‘ప్రోత్సాహం’ అనే మాట దగ్గర ఆగు

తమ్ముడూ,

కోలారు బంగారు గనుల మీద నువ్వు రాస్తున్న నవల మొదటి ఆరు అధ్యాయాలూ చదివాను. కేజ్‌లో మనుషుల్ని కుక్కి కిందికి దించే ఘట్టం దగ్గర నాకు నిజంగా ఊపిరి ఆడలేదు. దాన్ని ముట్టుకోకు, అలాగే ఉంచు.

నేను ఆగిపోయింది 41వ పేజీలో. ‘ప్రభుత్వం గనులకు ఎంతో ప్రోత్సాహం ఇచ్చింది’ అని ఒక్క ముక్క రాసి, వెంటనే దొరల క్లబ్బులోకి వెళ్లిపోయావు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. నీ నవల అసలు అక్కడుంది.

ముందు ఒక చిన్న తప్పు చెప్తాను. అన్ని చోట్లా ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అని రాశావు. కోలారు మైసూరు సంస్థానంలోది. 1831 నుంచి 1881 దాకా రాజు పేరు చెప్పి బ్రిటిష్ కమిషనర్లు పాలించారు. న్యూజిలాండ్ యుద్ధాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ లవెల్ అనే మాజీ సైనికుడికి 1870లలో తవ్వకాల అనుమతి వచ్చింది ఆ కాలంలోనే. 1881లో ఒడయార్లకు రాజ్యం తిరిగి అప్పగించాక సంతకాలు దివాన్లవి. లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ 1880లో గనుల్లోకి దిగింది. అంటే వాళ్లు వేళ్లూనుకున్న కాలమంతా ఎదురుగా కూర్చున్నది మన మనిషే. ఈ తేడా చిన్నది అనుకోకు. ‘తెల్లవాడు దోచాడు’ అని రాయడం సులువు. మన దివాను ఏ లెక్క వేసుకుని తలుపు తీశాడో రాయడం కష్టం. నువ్వు ఆ కష్టమే పడాలి.

ఆ లెక్క చూడు. 1876-78 కరువులో మైసూరు జనాభాలో దాదాపు ఐదో వంతు పోయింది. ఖజానా ఖాళీ. పైగా 1881 ఒప్పందంలో బ్రిటిష్ వాళ్లకు కట్టే కప్పం 24.5 లక్షల నుంచి ఏడాదికి 35 లక్షల రూపాయలకు పెరిగింది. కట్టడం కొన్నేళ్లు వాయిదా పడినా, ఆ బరువు నెత్తి మీద ఉండనే ఉంది. అలాంటి రాజ్యానికి గనుల మీద వచ్చే 5 శాతం రాయల్టీ ఎలా కనిపించి ఉంటుంది? అప్పటి దివాను శేషాద్రి అయ్యర్‌ని విలన్ చేయకు, దేవుణ్నీ చేయకు. ఒక రాత్రి ఆయన్ని ఆ జమాఖర్చుల ముందు కూర్చోబెట్టి, పక్కన నువ్వు కూర్చో.

ఇప్పుడు ప్రోత్సాహం అనే మాటను విప్పు. విప్పితే అందులోంచి వస్తువులు రాలతాయి. బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, గనుల దాకా వేసిన రైలు పట్టాలు. బేతమంగళం నుంచి వచ్చిన నీళ్ల పైపులు. బంగారం దొంగతనం కోసమే చేసిన చట్టాలు, పోలీసు కాపలా. కంపెనీ తవ్వుకోవాలంటే ఏమేం కావాలో అవన్నీ రాజ్యం సమకూర్చింది.

వీటన్నిటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది కరెంటు తీగ. కావేరి మీద శివసముద్రం దగ్గర పుట్టిన విద్యుత్తు 1902లో దాదాపు 147 కిలోమీటర్లు ప్రయాణం చేసి గనులకు చేరింది. అంత దూరం కరెంటు పంపడం అప్పటికి ప్రపంచమే ఆశ్చర్యపోయే పని. దానికోసం పట్టుబట్టిన శేషాద్రి అయ్యర్ 1901లోనే పోయాడు, చూడలేకపోయాడు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. రాజధాని మైసూరుకు ఆ తర్వాతే. నది జనానిది, తీగ లాగిన ఖర్చు రాజ్యానిది, మొదటి వెలుగు మాత్రం లండన్ వాటాదారుల గనికి. ఈ వరసను కథలో అలాగే పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక పత్రికలో ‘1902లో కోలారు గనులకు వెలుగొచ్చింది’ అని గొప్పగా రాశాను. తర్వాత అక్కడి ఛాంపియన్ రీఫ్ గని కార్మికుల ఇళ్ల లైన్లకు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో కూర్చున్నాను. తమిళం కలిసిన తెలుగు ఆమెది. నేను రాసింది చదివి వినిపిస్తే, ఏమీ అనకుండా లేచి, గోడ గూట్లోంచి మసి పట్టిన కిరసనాయిలు బుడ్డి తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్లమ్మ దీని వెలుగులోనే వండేదట, వాళ్లయ్య షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి. ఆ బుడ్డి గాజు మీద పగులు ఉంది, దాన్ని సున్నంతో అతికించారు. బయట గాలి వీస్తోంది. బంగారం తీసేశాక మిగిలిన పొడి పోసిన సైనైడ్ గుట్టల మీద నుంచి లేచిన తెల్లటి దుమ్ము దండెం మీది చీరల్లోకి దిగుతుంటే, ఆమె మాట్లాడుతూనే వాటిని దులుపుతోంది. నాకు సిగ్గేసింది. ఎవరి వెలుగు అని అడగకుండా ‘వెలుగొచ్చింది’ అని రాసేశాను.

అందుకే చెప్తున్నా, ‘వచ్చింది, పెరిగింది, అభివృద్ధి జరిగింది’ లాంటి క్రియలు ఎక్కడ కనిపించినా ఆగు. ఎవరికి, ఎవరి డబ్బుతో అని అడుగు. నివేదికల్లో ఔన్సుల లెక్క ఉంటుంది, వాడుకో, కానీ ఆ భాషలోకి జారిపోకు. చాలామంది అక్కడే జారతారు. కాగితం మర్యాదగా మాట్లాడుతుంటే మనకూ మర్యాదగా రాయాలనిపిస్తుంది.

క్లబ్బు, బిలియర్డ్స్, దొరసాని టోపీ, ఇవి తగ్గించు. అవి అందరూ రాసేవే.

వాటి బదులు 1930 సమ్మెకు చోటివ్వు. కార్మికుల వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తామంటే వేలమంది పని ఆపేశారు. నీ రాతలో అది ఏడో అధ్యాయంలో రెండు లైన్లే ఉంటుందని ప్లాన్‌లో చూశాను. నా మాట విని దాన్ని పెంచు. రాళ్లు పగలగొట్టి గీతలు అరిగిపోయిన బొటనవేలిని సిరాలో ముంచమంటే ఆ మనిషికి ఏమనిపించింది? రైలు, నీళ్లు, కరెంటు ఇచ్చిన చెయ్యి తన దగ్గరికి వచ్చేసరికి సిరా పలకతో వచ్చింది. ఇక్కడ నువ్వు రెండు ప్రోత్సాహాలనూ పక్కపక్కన నిలబెట్టగలవు.

గనులు 1956లో మైసూరు రాష్ట్రం చేతికి, తర్వాత కేంద్రం చేతికి వెళ్లాయి. 2001లో మూసేశారు. నవలను అక్కడిదాకా లాగాలా అని అడిగావు. వద్దు, నీ కథ 1930లో ఆగినా చాలు. మూసివేత గురించి వేరే పుస్తకం రాయొచ్చు.

రాయడానికి ముందు ఒకసారి వెళ్లిరా. మారికుప్పం స్టేషన్‌లో దిగి, గుట్టల దాకా నడు, ఎవర్నీ ఇంటర్వ్యూ చేయకు, ఊరికే కూర్చో. వచ్చాక 41వ పేజీ మాత్రం మళ్లీ రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ప్రేమతో,
మీ అన్నయ్య