సూర్యకాంతం గారిలాంటి గయ్యాళి అత్త మళ్లీ తెలుగు సినిమాకి ఎందుకు దొరకలేదు?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను. మా అత్తగారి పేరు సూర్యకాంతం.

1988లో నా పెళ్లిచూపులు మా ఊళ్లో, రామచంద్రపురం దగ్గర జరిగాయి. అబ్బాయి నచ్చాడు, ఉద్యోగం నచ్చింది. జాతకాలు చూసే పంతులుగారు అబ్బాయి తల్లి పేరు అడిగారు. "సూర్యకాంతం" అన్నారు మామగారు. గదిలో ఒక్కసారిగా మాట ఆగిపోయింది. మా పెద్దన్నయ్య నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయాడు. మా నానమ్మ అయితే నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "వద్దే తల్లీ, పేరు వినగానే నా గుండె దడదడలాడింది" అంది. నిజంగానే అంది. సినిమా చూసి ఇంట్లో పిల్ల పెళ్లి ఆపేద్దామనుకున్నంత ప్రభావం ఆవిడది!

అంతలో మా అత్తగారే వంటింటి గుమ్మంలోకి వచ్చారు. సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. కింద పీట మీద కూర్చుని నాతో అన్నారు: "అమ్మాయ్, నేను 38లో పుట్టాను. ఆవిడ సినిమాల్లోకి వచ్చేసరికే నాకు ఎనిమిదేళ్లు. మా నాన్నగారు సూర్యుడి పేరు పెట్టామని మురిసిపోయేవారు. గుండమ్మ కథ వచ్చాక మా అత్తగారు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'చిన్నమ్మాయ్' అనడం మొదలుపెట్టారు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు." ఇంతే చెప్పి మంచినీళ్లు అడిగారు. నేను ఆ గ్లాసు ఇస్తూనే మనసులో ఒప్పేసుకున్నాను.

ఇప్పుడు ప్రశ్న సంగతి. సూర్యకాంతం గారు మా ప్రాంతం మనిషే. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టారు. మద్రాసు వెళ్లి చిన్న వేషాలతో మొదలుపెట్టారు. 1950లో వచ్చిన సంసారం సినిమాతో గయ్యాళి అత్త అయిపోయారు. ఇక ఆ ముద్ర చెరగలేదు. 1994 డిసెంబరులో పోయేదాకా జనం ఆవిడని అలాగే చూశారు.

కానీ నా ఉద్దేశంలో ఆవిడ వేసినవాటిలో చాలా పాత్రలు దుర్మార్గులవి కావు. గుండమ్మనే తీసుకోండి. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంది, సొంత కూతురు సరోజని నెత్తిన పెట్టుకుంటుంది. తప్పే. అయితే ఆవిడకి కుట్ర చేయడం రాదు. ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తుంది. పొగిడితే పొంగిపోతుంది, కోపం వస్తే వెంటనే అరిచేస్తుంది, ఆ తర్వాత మర్చిపోతుంది. ఆ ఎడమ చేయి తిప్పుతూ మాట్లాడటం, కళ్లు పెద్దవి చేయడం చూస్తుంటే మన వీధిలో అలాంటి పిన్ని ఒకావిడ ఉందే అనిపిస్తుంది. ఎన్.టి.ఆర్, ఏ.ఎన్.ఆర్, ఎస్.వి. రంగారావు, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకి పేరు మాత్రం ఆవిడ పాత్రదే పెట్టారు. 1962లో అది చిన్న విషయం కాదు.

మాయాబజార్‌లో హిడింబిని చూడండి. ఘటోత్కచుడి తల్లి. ఆ కొడుకు వేషం వేసిన రంగారావు గారు వయసులో ఆవిడ కన్నా ఆరేళ్లు పెద్ద! అయినా ఆవిడ "నాయనా" అన్న ధోరణిలో మాట్లాడుతుంటే మనకి ఆ తేడా తోచదు. గయ్యాళితనం ఒక్కటే వచ్చిన నటికి ఇది సాధ్యమా?

ఇక ఇప్పటి టీవీ సీరియళ్లలో అత్తలున్నారు. పట్టుచీర, నగలు, ఒక్కో చూపుకి మూడుసార్లు ఉరుము శబ్దం. పాలలో ఏదో కలపడం, కాగితాల మీద దొంగ సంతకాలు. వాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది గానీ ప్రేమ రాదు. ఫోన్లలో పెట్టే చిన్న వీడియోల మీద కూడా నాకు కోపమే. సూర్యకాంతం గారు అరిచే ముక్క మాత్రం కత్తిరించి పెడతారు. తర్వాత ఆవిడ ముఖం వాడిపోయే ముక్క ఎవరూ పెట్టరు. అందుకే మా అమ్మాయి వయసు వాళ్లు ఆవిడని వట్టి కేకల మనిషనుకుంటున్నారు.

ఆ వాడిపోయే ముఖం గురించి చెప్పాలి. గుండమ్మ కథ చివర్లో ఛాయాదేవి ఆ ఇంట్లో చేరి, పెత్తనమంతా లాక్కుని గుండమ్మని గదిలో పెట్టేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం ఆ సినిమా టీవీలో వస్తే మా అత్తగారూ నేనూ చూశాం. పక్కింటి వాళ్లు ఐదారుగురు కింద చాప మీద కూర్చుని, "బాగా అయింది, బాగా అయింది" అంటున్నారు. మా అత్తగారు మాట్లాడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. లక్ష్మి, ఆమె భర్త అంజి వచ్చి గుండమ్మని బయటికి తెచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటే నన్నే వెళ్లమన్నారు.

నటి సూర్యకాంతం గారితో పనిచేసినవాళ్లు చెప్పేది కూడా ఇలాగే ఉంటుంది. ఇంటి నుంచి వంటలు చేసి తెచ్చి సెట్లో అందరికీ పెట్టేవారని, తెర మీద తిట్టిన పెద్దవాళ్లకి షాట్ అయ్యాక క్షమాపణ చెప్పుకునేవారని ఎంతమంది చెప్పారో! అలాంటి మనిషి పేరు పిల్లలకి పెట్టడానికి తెలుగువాళ్లు భయపడ్డారు. అది ఆవిడ నటనకి దక్కిన గౌరవమని చాలామంది మెచ్చుకుంటూ చెబుతారు. నేను అలా అనుకోలేను. ఆ గౌరవం ఖరీదు మా అత్తగారిలాంటి వాళ్లు కట్టారు. బడిలో, ఆఫీసులో, ఆసుపత్రిలో పేరు పిలిచినప్పుడల్లా హాలంతా నవ్వుతుంటే తల వంచుకుని లేచి వెళ్లడం నేను పక్కన ఉండి చూశాను.

1992లో మాకు పాప పుట్టింది. ఆవిడ పేరే పెడదామని నేను పట్టుబట్టాను. మా వారు కూడా సరేనన్నారు. వద్దన్నది ఒక్క మా అత్తగారే.