జాబ్ వేరు, కెరీర్ వేరు: ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. మాది సిద్దిపేట దగ్గర పల్లె, నాన్న వ్యవసాయం చేస్తారు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో "నీకు కావాల్సింది జాబా, కెరీరా?" అని అడిగితే రెండూ ఒకటే కదా సార్ అన్నాను. అందరూ నవ్వారు. జాబ్, ప్రొఫెషన్, వొకేషన్, కెరీర్‌లకు నిజంగా తేడా ఉందా? రెజ్యూమెలో ఏది రాయాలి?

జవాబు: నవ్వినందుకు బాధపడకమ్మా, ఆ మాటలు పుట్టిన చోటికి వెళ్లి చూస్తే తప్ప తేడా దొరకదు, మనకు కాలేజీలో అది ఎవరూ చూపించరు, పర్యాయపదాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటారు.

జాబ్‌తో మొదలుపెడదాం. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం ఒక విడి పని, అంతే. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో కూడా దానికి గౌరవం లేదు, చిల్లర పని, అనుకోకుండా తగిలిన పని అన్నట్టే రాశాడు. నువ్వు జీఎస్టీలో చదివిన 'జాబ్ వర్క్' గుర్తు తెచ్చుకో: సరుకు వేరేవాళ్లది, దాని మీద మనం చేసిపెట్టే పని మాత్రమే మనది. పాత అర్థం అక్కడ ఇంకా బతికే ఉంది.

కెరీర్ అలా కాదు. దాని మూలం లాటిన్‌లో బండి అనే మాట, మనం రోజూ అనే కార్ కూడా అక్కడిదే. బండి నుంచి బండి బాట, ఆ బాట నుంచి గుర్రాలు పరుగెత్తే బరి, అలా ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మనిషి పనిలో సాగించే ప్రయాణం అనే అర్థం 19వ శతాబ్దం మొదట్లో గానీ రాలేదు. కాబట్టి నిన్ను అడిగింది, ఈ పని దొరికితే చాలా, దీని తర్వాత ఎటు వెళ్లాలో ఆలోచించావా అని.

ప్రొఫెషన్ అంటే మొదట్లో నలుగురి ముందు ప్రకటించడం, ముఖ్యంగా క్రైస్తవ మఠంలో చేరేవాళ్లు చేసే ప్రమాణం. తర్వాత న్యాయం, వైద్యం, మతబోధ లాంటి చదువుకున్న వృత్తులకు ఆ పేరు వచ్చింది. చార్టర్డ్ అకౌంటెంట్ బ్యాలెన్స్ షీట్ మీద పెట్టే సంతకం చూడు, ఇందులో ఉన్నదానికి నాదీ పూచీ అని చెప్పడమే కదా.

వొకేషన్ అంటే పిలుపు, ఒకప్పుడు దేవుడి పిలుపు. అడ్వొకేట్ కూడా ఆ కుటుంబమే, సాయానికి పిలిపించుకున్న మనిషి. అంత పెద్ద మాట మన దగ్గరికి వచ్చేసరికి ఇంటర్ వొకేషనల్ అయి, మార్కులు రానివాళ్ల కోర్సు అని చిన్నచూపు చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన మాటలూ ఇలాగే మారాయి. మహాభారతంలో ఉద్యోగపర్వం ఉంది, అందులో ఎవరూ నౌకరీలో చేరరు, అది యుద్ధ ప్రయత్నాల కథ. ఉద్యోగం అంటే అసలు ప్రయత్నం, పూనిక. 'ఉద్యోగం పురుష లక్షణం' అని ఆఫీసు కొలువుకు ముడిపెట్టి మాట్లాడుతుంటే, అందులో ఉన్నది ప్రయత్నం అనే మాట అని గుర్తుచేయాలనిపిస్తుంది. ప్రయత్నం ఆడపిల్లలకూ ఉంటుంది, నీకు ఉంది కాబట్టే ఇక్కడ అడిగావు.

మళ్లీ ఆ ప్రశ్న ఎదురైతే టెన్షన్ పడకుండా ఉన్నదున్నట్టు చెప్పు: ముందు నాకు జాబ్ కావాలి, ఇంట్లో అవసరం ఉంది, ఈ జాబ్‌లో అకౌంట్స్, ట్యాక్స్ పని బాగా నేర్చుకుని ఫలానా వైపు వెళ్లాలనుకుంటున్నాను అని. ఆ ఫలానా ఏమిటో ఇంటర్వ్యూకి ముందే తేల్చుకో, సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ కోర్సు) చేయాలనుందో, ఆడిట్ వైపు వెళ్లాలనుందో. రెజ్యూమెలో 'కెరీర్ ఆబ్జెక్టివ్' కింద నెట్‌లోంచి కాపీ చేసిన వాక్యం ఉంటే ఈ రోజే తీసేసి, అదే సంగతి రెండు వాక్యాల్లో నీ సొంత మాటల్లో రాయి.

ఇక ఫామ్‌లలో కనిపించే ఆక్యుపేషన్‌కు మూలార్థం పట్టుకోవడం, ఆక్రమించడం. మన రోజును పట్టుకుని ఉండే పని అనుకో. నీ గడిలో స్టూడెంట్ అని రాయి. నాన్నగారి గడి చాలామంది పిల్లలు ఖాళీగా వదిలేస్తారు, నువ్వు వదలకు, ఫార్మర్ అని స్పష్టంగా రాయి.