ఆట ఆగిన నెలలోనే అప్పు మొదలుపెట్టకండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది సికింద్రాబాద్. పన్నెండేళ్లుగా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతున్నాను. ఎక్కువ ఐ-లీగ్‌లో, రెండు సీజన్లు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో. మోకాలికి ఏసీఎల్ (లోపలి లిగమెంటు) ఆపరేషన్ అయింది. మే నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది, ఇక ఆడలేను. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న అందరూ నా మీదే ఆధారపడ్డారు. ఇంటి ఖర్చు నెలకు 62 వేలు. కోఆపరేటివ్ బ్యాంకులో 18 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు ఉన్నాయి. 2025లో లీగ్ మొదలుకాక కొన్ని నెలలు జీతం రాలేదు, అప్పటి క్రెడిట్ కార్డు బాకీ లక్షా 60 వేలు ఉంది. క్లబ్ ఇంకా రెండు నెలల జీతం ఇవ్వాలి. నగర శివారులో స్థలం లీజుకు తీసుకుని టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) పెట్టాలనుకుంటున్నాను. 48 లక్షలు అవుతుంది. 18 లక్షలు నావి, 20 లక్షలు నాన్నగారి ఇంటి మీద బ్యాంకు లోన్, 10 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయినవాళ్లు బిర్యానీ హోటల్ అంటారు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు కార్లు కొని ట్రావెల్స్ నడుపుతామంటారు, మీరు టర్ఫ్ అంటున్నారు. జీతం ఆగిన నెలలోనే వాయిదా మొదలవుతుంది. అందరూ చేసే తప్పు ఇదే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం క్రెడిట్ కార్డు గురించి రాసింది. జీతాలు ఆగినప్పుడు బ్యాంకులో 18 లక్షలు పెట్టుకుని కార్డు మీద ఇల్లు నడిపారు. ఎందుకు? ఆ డబ్బు టర్ఫ్‌ది అని మనసులో ఎప్పుడో రాసేసుకున్నారు కాబట్టి. ఇంటి కోసం అని విడిగా ఒక్క రూపాయి కూడా పెట్టుకోలేదు. ఎఫ్‌డీ మీద వచ్చేది ఏడాదికి ఏడెనిమిది శాతం. కార్డు కంపెనీలు నెలకే మూడు శాతం పైన వేస్తాయి. ఆ బాకీ ఈ వారమే సేవింగ్స్‌లోంచి కట్టేయండి.

ఇక మీ టర్ఫ్ లెక్క. మీకు రావాల్సిన బకాయిని నేను లెక్కలోకి తీసుకోలేదు, మీరూ తీసుకోకండి. కార్డు బాకీ తీర్చి, ఎఫ్‌డీ మొత్తం టర్ఫ్‌లో పెడితే చేతిలో మిగిలేది లక్షా 40 వేలు. మీ ఇంటికి అది రెండు నెలల మీద ఒక వారం వస్తుంది. టర్ఫ్ కట్టడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

20 లక్షల లోన్‌కు పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు 27 వేలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అక్కడ నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు 10 లక్షలు అలాగే ఉంటుంది. స్థలం లీజు 60 వేలు, కరెంటు, వాచ్‌మన్, మరమ్మతులు కలిపి 40 వేలు అనుకుందాం. ఇంటి ఖర్చు కలిపితే నెలకు 2 లక్షల 9 వేలు. గంటకు వెయ్యి రూపాయల చొప్పున చూస్తే రోజూ ఏడు గంటలు బుకింగ్ ఉండాలి, ఏడాది పొడుగునా, వానాకాలంతో సహా. జనం ఆడేది సాయంత్రం, రాత్రి, వారాంతాల్లో. పక్క వీధిలో ఇంకో టర్ఫ్ వెలిస్తే మీ రేటు కూడా తగ్గించాల్సిందే. మీరు మంచి ఆటగాడు కావచ్చు, దానివల్ల బుకింగ్‌లు పెరగవు. వాయిదాలు తప్పితే పోయేది మీ నాన్నగారి ఇల్లు. ఆ వయసులో ఆయన్ను గ్యారంటీగా నిలబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. రెండు రూపాయల వడ్డీ మాటైతే ఇంట్లో ఎత్తనే ఎత్తకండి.

మీ చేతిలో ఉన్న 21 లక్షల్లో కార్డు బాకీ పోగా 19 లక్షల 40 వేలు ఉంటాయి. అందులో 11 లక్షల 16 వేలు విడిగా తీయండి. అది పద్దెనిమిది నెలల ఇంటి ఖర్చు. మామూలు ఉద్యోగికి నేను ఆరు నెలలు చెబుతాను. మీకు మూడింతలు ఎందుకంటే, ఆరు నెలల్లో ఆ ఉద్యోగి ఇంకో కంపెనీలో అదే పని చేస్తాడు. మీరు పనే మార్చుకోవాలి, చదవాలి, లైసెన్సులు తెచ్చుకోవాలి, కింది మెట్టు జీతంతో మొదలుపెట్టాలి. మధ్యలో మోకాలు మళ్లీ ఇబ్బంది పెట్టవచ్చు.

మన తులసీదాస్ బలరాం గుర్తున్నారా? సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఫుట్‌బాల్ జట్టులో ఆడిన మనిషి. మరుసటి ఏడాదే అనారోగ్యంతో ఆట ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఆ తరానికి రైల్వేలో, పోలీసుశాఖలో ఉద్యోగం ఉండేది, ఆట ఆగినా జీతం ఆగేది కాదు. మీ తరానికి కాంట్రాక్టు డబ్బు వాళ్లకంటే ఎంతో ఎక్కువ, ఆ తర్వాత ఏమీ లేదు. కాబట్టి ఆ నెల జీతం మీకు మీరే ఇచ్చుకోవాలి. ఈ నిధి అందుకే.

ఎక్కడ పెట్టాలి? ఇప్పుడున్న చోట మాత్రం కాదు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే. మీ 18 లక్షల్లో 13 లక్షలకు ఆ రక్షణ లేదు. కాస్త ఎక్కువ వడ్డీ కోసం ఈ రిస్క్ ఎందుకు? మధ్యలో తీస్తే పడే కోత భరించి, మూడు బ్యాంకుల్లో సర్దండి. ఒకేసారి విరగ్గొట్టే అవసరం రాకుండా చిన్న చిన్న ఎఫ్‌డీలు చేయండి. ప్రతి నెలా ఒకటో తేదీన 62 వేలు ఇంటి ఖాతాలోకి పంపండి. ఆ ఖాతా మీ భార్య పేరుమీద ఉన్నా మంచిదే.

క్లబ్ గ్రూపు ఆరోగ్య బీమా కాంట్రాక్టుతోనే పోతుంది. మే నెలలోపే సొంత పాలసీ తీసుకోండి. ఏసీఎల్ ఆపరేషన్ దాచకండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. చెబితే ఆ మోకాలికి బీమా వర్తించడానికి మహా అయితే మూడేళ్లు ఆగాలి. అమ్మానాన్నలకు వేరే పాలసీ ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, వాయిదా వేయడానికి ఆ సాకు కూడా పోయింది. పాప కోసం మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు అందే జీవిత బీమా) కూడా ఇప్పుడే.

పని విషయానికొస్తే, రైల్వే స్పోర్ట్స్ కోటాలో వయసు సాధారణంగా 25 దాటకూడదు, ఆ దారి మూసుకుపోయింది. కోచింగ్ లైసెన్సులు కింది మెట్టు అయిన డి నుంచి మొదలుపెట్టండి. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు, కోచ్‌ల నియామకం అంతకుముందే అయిపోతుంది, మేలో కాదు, ఇప్పుడే తిరగండి. డిగ్రీ మధ్యలో వదిలేసి ఉంటే ఓపెన్ యూనివర్సిటీలో పూర్తిచేయండి, అది లేకుండా బీపీఈడీకి (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు) కుదరదు. రిఫరీయింగ్, తెలుగు కామెంటరీ పక్క ఆదాయంగా చూడవచ్చు.

సొంతంగా ఏదైనా నడపాలన్న కోరిక అంత బలంగా ఉంటే, ఉన్న టర్ఫ్‌నే గంటలకు తీసుకోండి. వారానికి మూడు సాయంత్రాలు, గంటకు వెయ్యి చొప్పున నెలకు 13 వేలు. ఇరవై మంది పిల్లలు తలా రెండు వేలు ఇస్తే 40 వేలు. పిల్లలు రాకపోతే వచ్చే నెల ఆపేయవచ్చు. రెండేళ్లు ఇది నడిచి, నిధి చెక్కుచెదరకుండా ఉంటే, అప్పుడు టర్ఫ్ గురించి మళ్లీ రాయండి. మిగిలిన 8 లక్షలు అప్పటిదాకా ముట్టుకోవద్దు.

రావాల్సిన రెండు నెలల జీతానికి క్లబ్‌కు ముందు రాతపూర్వకంగా లేఖ పంపండి. స్పందించకపోతే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆటగాళ్ల స్టేటస్ కమిటీకి ఫిర్యాదు చేయండి. కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్లబ్ పంపిన మెయిళ్లు ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకోండి. మే తర్వాత క్లబ్ మెయిల్ ఖాతా మీకు తెరుచుకోకపోవచ్చు.