ఆన్‌లైన్‌లో తగవులు తీర్చే పద్ధతి ఎలా పెరిగింది?

కోర్టు మెట్లెక్కకుండా ఫోన్‌లోనే తగవు తీరుతుందా అని అడిగారు. కొన్ని రకాలవి తీరుతున్నాయి.

1999లో ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల సైటులో కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ వచ్చిన గొడవలను మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈమెయిల్‌లోనే మధ్యవర్తిత్వం చేసి చూశారు. ఇద్దరూ చెరో ఊళ్లో ఉండి, గొడవ కొద్ది డాలర్ల మీదైతే కోర్టు ఖర్చే ఎక్కువవుతుంది కదా. అక్కణ్ణుంచే ఇది ఊపందుకుంది.

మన దగ్గర 2020 ఆగస్టులో, ఫెయిలైన డిజిటల్ చెల్లింపుల కోసం ఇలాంటి ఏర్పాటు చేయమని రిజర్వు బ్యాంకు చెప్పింది. యూపీఐలో మీరు ఒకరికి పంపిన డబ్బు మీ ఖాతాలో కట్ అయి, వాళ్లకు చేరలేదనుకోండి. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు నొక్కితే చాలు, రసీదు పట్టుకుని బ్యాంకులో క్యూ కట్టక్కర్లేదు. ఆ డబ్బు మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇది అడగకుండానే ఇవ్వాల్సింది, చాలామందికి తెలియదు!

షేర్ల తగాదాలకు, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2023లో స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వేదిక తెచ్చింది (ఓడీఆర్ అంటే ఆన్‌లైన్‌లో తగవులు తీర్చడం). ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు), అంతా ఆన్‌లైన్‌లోనే.

రికార్డు స్పష్టంగా ఉండే డబ్బు గొడవలకు ఇది నిజంగా మేలు. పొలం గట్టు తగాదాకు మాత్రం గట్టు దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.