సందేహాలు – సమాధానాలు: పరిశోధనాత్మక పాత్రికేయుడా, పరిశోధక పాత్రికేయుడా?

సందేహం: తిరుపతిలో ఒక దినపత్రికలో చాలాకాలం పనిచేసి విరమించిన విలేకరికి మిత్రులం కలిసి అభినందన సంచిక తెస్తున్నాం. ఆయన వృత్తి జీవితం, ఆయన చుట్టూ రేగిన వివాదాల మీద వ్యాసం నా వంతు. ఈ వాక్యాల దగ్గర మా సంపాదకవర్గంలోనే పేచీ వచ్చింది: “ఆయన వివాదాస్పదుడైన పరిశోధనాత్మక పాత్రికేయుడు. శేషాచలంలో ఎర్రచందనం దందాను కొంతమేర బట్టబయలు చేశారు. ఆ కథనం తర్వాత పోలీసులు ముద్దాయిలను విచారించి రిమాండ్ చేశారు. ఆ కేసులో ఒక దోషి వేసిన క్రిమినల్ దావాలో పత్రిక క్షమాపణ కోరింది.” ఇందులో తప్పులేమిటి? ఆయన నాతో “కేసు పెడతామంటా వుండారంట, పెట్టుకోనీలే అనినా” అన్నారు. ఇలాంటి మాటలను శిష్టభాషలోకి మార్చాలా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మొదటి వాక్యంలో ఉన్నవి వ్యాకరణం తప్పులు. తక్కినవాటిలో ఉన్నవి అంతకంటే ప్రమాదం. అవి చదవడానికి బాగానే ఉంటాయి, కానీ కోర్టు చెప్పని తీర్పును మీ చేత చెప్పిస్తాయి.

‘ఆత్మక’ చేరిన మాటకు ‘అది స్వభావంగా కలది’ అని అర్థం. వర్ణనాత్మక కావ్యం, విమర్శనాత్మక వ్యాసం, నిర్మాణాత్మక సూచన అంటాం. ఇవన్నీ రచనకో పనికో చెల్లే విశేషణాలు. వర్ణనాత్మక కవి అనం. విమర్శ రాసే మనిషిని విమర్శకుడు అంటామే గాని విమర్శనాత్మకుడు అనం కదా! కాబట్టి కథనం పరిశోధనాత్మకం, జర్నలిజం పరిశోధనాత్మకం, మనిషి మాత్రం పరిశోధక పాత్రికేయుడు. పరిశోధన అంటే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ కోసం చేసేదే అనుకోనక్కర్లేదు. అపరాధ పరిశోధన అన్న మాట తెలుగు పాఠకులకు ఎప్పటినుంచో తెలుసు. ఇక పాత్రికేయుడు అన్నదాన్ని పట్టి చూస్తే గంగ కొడుకు గాంగేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు అయినట్టు పత్రిక కొడుకు పాత్రికేయుడని అర్థం రావాలి. పండితులు నవ్వుకున్నా మాట నిలబడిపోయింది, వాడండి. విలేకరి, విలేఖరి రెండూ కనిపిస్తున్నాయి. పత్రికల్లో ఎక్కువగా చెల్లుతున్నది విలేకరి. ఏది తీసుకున్నా సంచిక పొడవునా అదే ఉండాలి.

వివాదాస్పదుడు అన్న రూపం వద్దు. ఆస్పదం అంటే స్థానం, తావు. వివాదానికి తావైనది వివాదాస్పదం. తావుకు ‘డు’ చేర్చి మనిషిని చేయడం పొసగదు. ‘వివాదాస్పదమైన కథనాలు రాసిన’ అంటే అర్థమూ తేటపడుతుంది, వివాదం మనిషి నడతదా, రాతదా అన్నదీ తేలుతుంది. అన్నట్టు, ‘వివాదాస్పధ’, ‘అనుమానాస్పధ’ అని ఒత్తు పెట్టడం అచ్చుతప్పుల్లో మహా మొండిది, ప్రూఫులో ఒక కన్నేసి ఉంచండి.

‘కొంతమేర బట్టబయలు’ కుదరదు. బయలు బయలు అన్న రెట్టింపు మాటే ద్విరుక్తటకారం (జంట ట, అంటే ‘ట్ట’) వచ్చి బట్టబయలైంది. పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర అన్నవీ ఆ తోవలో వచ్చినవే. కొంత పట్టపగలు ఉండదు, కొంత బట్టబయలూ ఉండదు. ‘దందాలో కొంత భాగాన్ని వెలికితీశారు’ అనండి.

ఎర్రచందనం వార్తల్లో మీ ఊరివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండవలసిన మాటలు రెండున్నాయి. అడవిలో చెట్టు నరికేవాడు, దుంగ మోసేవాడు కూలీ. పెట్టుబడి పెట్టి సరుకును దేశం దాటించేవాడు స్మగ్లర్. మధ్యలో కూలీలను పోగుచేసే మేస్త్రీ ఉంటాడు. అందరినీ ఒకే గాట కట్టి స్మగ్లర్లు అంటే అది వార్త కాదు, ఒక పక్షం వాదన. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. ఆ వార్తను కొందరు ‘20 మంది స్మగ్లర్లు హతం’ అన్నట్టు, కొందరు ‘20 మంది కూలీలు మృతి’ అన్నట్టు రాశారు. ‘ఎదురుకాల్పులు’ అన్న మాట కూడా ఇలాంటిదే. రెండు వైపుల నుంచీ తుపాకులు పేలాయని అది చెప్పేస్తుంది. ఆ సంగతి తేలకముందు ‘కాల్పులు’ అని ఊరుకోవాలి. ఎదుటివాళ్లు దాడి చేశారన్నది పోలీసుల మాటైతే ‘అని పోలీసులు చెప్పారు’ అని వాళ్లకే అప్పగించాలి. ఇంకొకటి: తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందటి సంఘటనలకు ‘అప్పటి చిత్తూరు జిల్లా’ అని రాయండి.

ఇక ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. దావా, ముద్దయీ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తెలుగులోకి వచ్చేసరికి అర్థం తిరగబడి కేసు ఎదుర్కొంటున్నవాడయ్యాడు. తెలుగులో అదే రూఢి కాబట్టి తప్పనను. అయితే వాడుకలో ముద్దాయి అనగానే సగం నేరం రుజువైనట్టు వినిపిస్తుంది. నిందితుడు అన్న మాట మేలు: నింద పడ్డవాడు, అంతే. అనుమానితుడు ఇంకా వెనక మెట్టు. అతని మీద కేసు నమోదు కాలేదు, లేదా అయినా అతని పేరు అందులో ఎక్కలేదు. కోర్టు నేరం రుజువైందన్న రోజున గాని దోషి అనకూడదు. ఆరోపణ ఎవరైనా చేయవచ్చు, పత్రికైనా, ప్రతిపక్షమైనా. అభియోగం అలా కాదు. దర్యాప్తు ముగించి పోలీసులు అభియోగపత్రం వేస్తారు, దాన్ని చూసి కోర్టు అభియోగాలు నమోదు చేస్తుంది. ‘ప్రతిపక్ష నేత అభియోగం మోపారు’ అన్న వాక్యం రోజూ కనిపిస్తుంది. ఆయన చేసింది ఆరోపణ.

ఈ మెట్లు ఎంత ముఖ్యమో షేర్ల కుంభకోణంతో పేరుకెక్కిన స్టాక్ బ్రోకరు హర్షద్ మెహతా ఉదంతం చూస్తే తెలుస్తుంది. 1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో పాత్రికేయురాలు సుచేతా దలాల్ కథనం వచ్చిన నాటికి ఉన్నది ఆరోపణ. ఆ ఏడాదే సీబీఐ అరెస్టు చేశాక ఆయన నిందితుడు. 1999లో ముంబయిలోని ప్రత్యేక కోర్టు కార్ల కంపెనీ మారుతీ ఉద్యోగ్ డబ్బుకు సంబంధించిన కేసులో అయిదేళ్ల శిక్ష వేసినప్పుడు, ఆ ఒక్క కేసు వరకు దోషి. 2001 డిసెంబరు 31న కస్టడీలో ఉండగానే చనిపోయారు. అప్పటికి తేలని కేసుల్లో ఆయన దోషీ కాదు, నిర్దోషీ కాదు, నిందితుడిగానే మిగిలిపోయారు. సుచేతా దలాల్ గురించి రాస్తూ ‘ఎన్నో కేసుల్లో దోషి అయిన హర్షద్ మెహతా గుట్టు రట్టు చేశారు’ అంటే వినడానికి రంజుగా ఉంటుంది గాని అబద్ధం. మీ విలేకరి విషయంలోనూ ప్రతి పేరు దగ్గర ఆగి, కేసు ఏ మెట్టు మీద ఉందో చూసి మాట ఎంచుకోండి. అరెస్టయ్యారు అన్నంత మాత్రాన, రాజీనామా చేశారు అన్నంత మాత్రాన మెట్టు ఎక్కదు. కోర్టు విడిచిపెడితే ‘నిర్దోషిగా విడుదల’, బెయిలు ఇస్తే ‘బెయిలుపై విడుదల’. ఉత్త ‘విడుదలయ్యారు’తో సరిపెడితే పాఠకుడు తనకు నచ్చినట్టు చదువుకుంటాడు.

పోలీసులు చేసేది దర్యాప్తు. కోర్టు చేసేది విచారణ. పోలీసులు ఎవరినైనా పిలిచి అడిగితే ‘ప్రశ్నించారు’ అంటే సరిపోతుంది. ‘సీబీఐ విచారణ’ అనే పడికట్టు మాట నినాదాల్లో పాతుకుపోయింది, నినాదాన్ని మార్చలేం, మన వాక్యాన్నయినా మార్చుకుందాం. రిమాండ్ చేయడం పోలీసుల చేతిలో లేదు. అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లోగా, ప్రయాణం పట్టే సమయం మినహా, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రిమాండ్ విధించేది మేజిస్ట్రేటు.

చివరి వాక్యం చిక్కులన్నింటికీ పుట్ట. అందులో దోషి అన్నారు, శిక్ష పడిందా? పడకపోతే అభినందన సంచిక మీద ఇంకో కేసు పడుతుంది. క్రిమినల్ దావా అన్నది లేదు. దావా అంటే సివిల్. నష్టపరిహారం కోరుతూ వేసేది పరువునష్టం దావా. అందులో ఉండేది వాది, ప్రతివాది. కథనం అచ్చయిన ఏడాదిలోగా వేయాలి. క్రిమినల్ అయితే పరువునష్టం కేసు. అక్కడ ఫిర్యాది, నిందితుడు ఉంటారు. పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదిది. ఫిర్యాది నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తాడు. ‘పరువునష్టం కింద స్టేషన్‌లో కేసు కట్టారు’ అని ఎవరైనా చెబితే కాగితం చూడకుండా రాయకండి. సెక్షన్ల దగ్గరా పొరపడతారు: 2024 జులై 1కి ముందు జరిగినవాటికి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 499, 500. ఆ తర్వాతి వాటికే భారతీయ న్యాయ సంహిత 356. విరమించిన ఆయన పాత కేసుకు కొత్త సెక్షన్ తగిలించి ‘నవీకరించ’ వద్దు. రాసింది నిజమైతే చాలు, నేరం కాదన్న నమ్మకమూ సగమే సరి. నిజమై ఉండాలి, దాన్ని ప్రచురించడం ప్రజాహితం కోసమై ఉండాలి. అందుకే ‘ఆయన రాసింది నిజమని తేలింది కాబట్టి కేసు కొట్టేశారు’ అని తేల్చేయకుండా, తీర్పులో ఉన్న కారణం చూసి రాయండి. రాజీ కుదిరి కేసు ముగిసిందేమో!

‘పత్రిక క్షమాపణ కోరింది’ అంటే పత్రిక తప్పు ఒప్పుకొందా, ఎదుటివాళ్లను క్షమాపణ చెప్పమని నిలదీసిందా? రెండర్థాలూ వస్తాయి. మొదటిదైతే ‘క్షమాపణ చెప్పింది’, రెండోదైతే ‘క్షమాపణ చెప్పాలని డిమాండ్ చేసింది’. ఇంకా చాలాసార్లు అక్కడ జరిగేది ఈ రెండూ కావు. ఎదుటివాళ్లు పంపింది ఖండన. దానికి పత్రిక ఇచ్చేది వివరణ. వాస్తవం తప్పని ఒప్పుకొని దిద్దితే సవరణ. ఖండన వేసిన పత్రిక క్షమాపణ చెప్పినట్టు కాదు. పాత సంచిక తీసి, ఖండనో వివరణో వేసిన పెట్టెలో (బాక్సులో) అచ్చయిన మాటలేమిటో చూడండి.

యాస సంగతి. “కేసు పెడతామంటా వుండారంట, పెట్టుకోనీలే అనినా” అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి. అందంకోసం కాదు. మీరు శిష్టభాషలోకి మార్చితే బహుశా “కేసు పెడతామని బెదిరించారు, పెట్టుకోమన్నాను” అని రాస్తారు. ‘వుండారంట’ చివర ఉన్న ఆ ‘అంట’ ఎగిరిపోయింది చూశారా! కేసు పెడతామని వాళ్లు ఆయనతో అనలేదు. అన్నారని ఎవరో చెప్పగా విన్నారు. ‘అంట’ పోతే చెప్పుడుమాట కాస్తా ముఖాముఖి బెదిరింపు అయిపోతుంది, ‘అలా అననే లేదు’ అని అవతలివాళ్లు మీకే ఖండన పంపుతారు. కొటేషన్ బయట మీ మాటల్లో చెప్పవలసివస్తే “కేసు పెడతామంటున్నారని ఆయన చెవిన పడింది” అని రాయండి. ఎవరు చెప్పగా విన్నారో ఆయన్నే అడిగి, ఆయన ఒప్పుకొంటే అదీ రాయండి. పేరు చెప్పడానికి ఆయనకు ఇష్టం లేకపోతే ‘విశ్వసనీయ వర్గాలు’ అని మీరు కల్పించకండి.