పాఠకుల ప్రశ్నలు: పని పోయిన ఇల్లు, పరాయి చేయి పడ్డ దేశం

ప్రశ్న: మా వారు ఒక ప్రైవేటు సంస్థలో పదిహేనేళ్లు పనిచేశారు. సిబ్బందిని తగ్గిస్తున్నామని చెప్పి ఏడు నెలల క్రితం ఆయనను పంపించేశారు. ఇప్పుడు ఇల్లు నా బడి జీతం మీదే నడుస్తోంది. అత్తమామలకు ఈ సంగతి తెలియదు. ఆయన రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లి, సాయంత్రం వస్తారు. పిల్లవాడి ఫీజు మాట ఎత్తితే ‘నీ సంపాదన తింటున్నానని గుర్తుచేస్తున్నావా’ అని మండిపడతారు. నేను అడగాలా, ఊరుకోవాలా?
– పేరు ప్రచురించవద్దన్న సోదరి, హైదరాబాద్

జవాబు: అడగాలమ్మా. ఏడు నెలలు ఓర్చుకున్నారు, ఇకముందు మీ మౌనం ఆయనకు మేలు చేయదు. అయితే అడగడానికి ముందు, ఆయనకు పోయింది జీతం ఒక్కటే కాదన్నది మనసులో పెట్టుకోండి.

ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరు దాదాపు పూర్తిగా ఒక బట్టల మిల్లు మీద ఆధారపడి బతికేది. 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అనే పరిశోధకులు ఆ ఊరి కుటుంబాలను దగ్గరగా పరిశీలించి, తాము చూసినదాన్ని 1933లో ప్రచురించారు. ఊరివాళ్లకు తీరికకు కొదవ లేకపోయినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. మగవాళ్ల నడక మందగించింది, వీధిలో వెళ్తూ వెళ్తూ మాటిమాటికీ నిలబడిపోయేవారు, పొద్దుటి నుంచి ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయేవారు. ఆడవాళ్లకు వంట, పిల్లలు, ఇంటి చాకిరీ ఉన్నందువల్ల వాళ్ల రోజు అంతగా చెదరలేదు. రోజుకొక క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి ఒక పని సాధిస్తున్నామన్న భావన, సమాజంలో ఒక గుర్తింపు, ఇవన్నీ ఉద్యోగం జీతంతో పాటు ఇచ్చేవేనని యహోదా తర్వాతి కాలంలో వివరించారు. మీ వారి ఇస్త్రీ చొక్కాను నేను మోసంగా చూడలేను. చెదిరిపోతున్న రోజును పట్టి నిలబెట్టుకోవడానికి ఆయనకు తోచిన దారి అదే అయి ఉంటుంది. కాకపోతే ఆ దారిలో ఆయన రోజంతా ఒంటరిగా, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో తిరుగుతున్నారు. ఆ భయమే సాయంత్రం మీ మీద కోపమై పడుతోందని నా నమ్మకం.

కాబట్టి మొదట ఆ దాపరికం తొలగాలి. అత్తమామలకు ఆయనే చెప్పాలి, మీరు పక్కన కూర్చోవాలి. పిల్లవాడికి కూడా వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఇంట్లో ఏదో జరుగుతోందని పిల్లలు ఎలాగూ పసిగడతారు, ఎవరూ చెప్పకపోతే తప్పు తమదేననుకుంటారు.

ఇక డబ్బు సంగతి. అన్నం దగ్గర, పిల్లవాడి ఎదుట ఆ మాట ఎత్తకండి. వారానికి ఒకరోజు, ఇద్దరూ అనుకున్న వేళకు లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. ‘ఫీజు ఎలా కడతావు’ అనే మాటకూ ‘ఈ నెల ఫీజు ఎక్కడి నుంచి తెద్దాం’ అనే మాటకూ మధ్య ఉన్న దూరం ఆయనకు వెంటనే తెలుస్తుంది. ఆ కూర్చున్నప్పుడే కొన్ని విషయాలు తేల్చుకోండి. పదిహేనేళ్లు పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి, అది 30 రోజుల్లోగా చెల్లించాలని చట్టం చెబుతోంది. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. రాకపోతే సంస్థకు రాతపూర్వకంగా అడగండి, అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. సంస్థ చేయించిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది గనుక, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు కొత్త బీమా తీసుకోవడాన్ని వాయిదా వేయడం ప్రమాదం. అప్పుల వాయిదాలు ఉంటే, తప్పిపోయాక కాదు, తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడగండి. ఫోన్లో నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం ఎంత అవసరమొచ్చినా వెళ్లవద్దు.

మీ గురించి కూడా ఒక మాట. బడి, వంట, పెద్దల సేవ మీ ఒక్కరి మీదే సాగుతుంటే అది ఎక్కువ కాలం నిలవదు. పిల్లవాణ్ణి బడికి దింపడం, ఒక పూట వంట ఆయన చేయడంలో చిన్నతనం ఏమీ లేదు, పైగా ఆయన రోజుకు ఒక క్రమం దొరుకుతుంది. కోపం మాటలు దాటి చేతలదాకా వస్తే దానికి నిరుద్యోగం సాకు కాదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి. ఆయన నిద్ర, తిండి మానేసి, బతుకు మీద విరక్తిగా మాట్లాడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ప్రశ్న: ‘ఒక దేశంలో పాలకులు చెడ్డవాళ్లయితే బయటి దేశాలు వచ్చి దించితే తప్పేమిటి’ అని మా మనవడు వాదిస్తున్నాడు. స్వతంత్ర దేశాల వ్యవహారాల్లో పరాయి జోక్యం ఎప్పటికైనా న్యాయమేనా? ఉదాహరణతో చెప్పండి.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ మనవడికి ముందుగా ఇరాన్ కథ చెప్పండి. అక్కడ దించింది చెడ్డ పాలకుణ్ణి కాదు.

ఇరాన్ చమురు మీద 1901 నాటి ఒప్పందంతో మొదలైన హక్కులు ఆంగ్లో ఇరానియన్ ఆయిల్ కంపెనీ చేతిలో ఉండేవి. అందులో పెద్ద వాటా బ్రిటిష్ ప్రభుత్వానిది. ఇరాన్‌కు దక్కే రాయల్టీ కంటే ఆ కంపెనీ లండన్‌కు కట్టే పన్నులే ఎక్కువగా ఉన్న సంవత్సరాలున్నాయి. 1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు చమురును జాతీయం చేసింది, మరుసటి నెలలో మొహమ్మద్ మొసాదెఘ్ ప్రధాని అయ్యారు. బ్రిటన్ తన నిపుణులను వెనక్కి పిలిపించుకుంది, ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా అడ్డుకుంది, 1952లో ఆ చమురుతో వెళ్తున్న రోజ్ మేరీ అనే ఓడను తన పాలనలో ఉన్న ఏడెన్ రేవులో ఆపించింది. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్దదైన, ఇరాన్‌లోని అబాదాన్ చమురు శుద్ధి కర్మాగారం దాదాపు నిలిచిపోయింది. చమురు ఆదాయం లేకపోయినా వేలమంది కార్మికులను వీధిన పడేయకుండా ప్రభుత్వం జీతాలు ఇస్తూ వచ్చింది, ఆ బరువుకు ఖజానా కుంగిపోయింది. ఒక దేశాన్ని లొంగదీయాలనుకున్నవాళ్లు మొదట దాని జనం కూడు మీద దెబ్బకొడతారని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బ్రిటన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఈ వివాదంపై తమకు అధికారం లేదని 1952 జులైలో ఆ న్యాయస్థానం తేల్చింది. ఆ మెజారిటీలో బ్రిటిష్ న్యాయమూర్తి కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి. న్యాయం దారిలో దొరకనిదాన్ని కుట్ర దారిలో సాధించారు. 1953 ఆగస్టులో అమెరికా గూఢచార సంస్థ, బ్రిటిష్ గూఢచారులు కలిసి సైన్యంలోని కొందరిని, పత్రికలను, వీధి మూకలను డబ్బుతో కదిలించారు. మొదటి ప్రయత్నం విఫలమై ఇరాన్ రాజు షా దేశం విడిచి పారిపోయినా, ఆగస్టు 19న రెండోసారి మొసాదెఘ్‌ను పడగొట్టారు. మరుసటి ఏడాది కుదిరిన కొత్త చమురు ఒప్పందంలో అమెరికన్ కంపెనీలకు 40 శాతం వాటా వచ్చింది. మొసాదెఘ్ మూడేళ్లు జైల్లో ఉండి, 1967లో చనిపోయేవరకు గృహనిర్బంధంలోనే గడిపారు.

మొసాదెఘ్‌కు సొంత దేశంలోనూ ప్రత్యర్థులు ఉన్నారు. మొదట తోడున్న మతపెద్ద కాషానీ తర్వాత ఎదురు తిరిగారు. పార్లమెంటు రద్దుకు మొసాదెఘ్ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణను తప్పుపట్టినవాళ్లు చాలామంది. అవన్నీ ఇరాన్ ప్రజలు తమలో తాము తేల్చుకోవలసిన తగవులు. ఆ అవకాశాన్నే పరాయివాళ్లు లాగేసుకున్నారు. ఆ తర్వాత పాతికేళ్లు షా నిరంకుశత్వం, సావాక్ అనే రహస్య పోలీసుల చిత్రహింసలు సాగి, చివరికి 1979 విప్లవం వచ్చింది. కుట్రలో తమ దేశానికి ముఖ్యమైన పాత్ర ఉందని అమెరికా విదేశాంగ మంత్రి మడెలిన్ ఆల్‌బ్రైట్ 2000లో బహిరంగంగా ఒప్పుకున్నారు. అప్పటికి దాదాపు యాభై ఏళ్లు గడిచాయి.

ఇది ఒక్క కూటమి పాపం కాదు. 1956లో హంగరీ మీదికి, 1968లో చెకొస్లొవేకియా మీదికి ట్యాంకులు పంపింది సోవియట్ యూనియన్. ఒక దేశ స్వాతంత్ర్యానికీ ప్రాదేశిక సమగ్రతకూ వ్యతిరేకంగా బలప్రయోగం కూడదని ఐక్యరాజ్యసమితి చార్టర్ స్పష్టంగా చెబుతోంది. నికరాగువాలో తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి, రేవుల్లో మందుపాతరలు పెట్టించినందుకు 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టింది. ఆ తీర్పును అమలు చేయించే శక్తి మాత్రం ఎవరికీ లేకపోయింది, భద్రతామండలిలో అమెరికాకు వీటో ఉంది మరి.

అయితే మీ మనవడి వాదనలో బలమేమీ లేదని నేను అనను. 1978 డిసెంబరులో వియత్నాం సైన్యం కంబోడియాలోకి వెళ్లకపోతే అక్కడి పాలకుడు పోల్‌పాట్ నరమేధం ఇంకెన్నాళ్లు సాగేదో ఊహించలేం. 1971లో దాదాపు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చాక భారతదేశం తూర్పు పాకిస్తాన్ యుద్ధంలో ప్రవేశించింది, బంగ్లాదేశ్ ఏర్పడ్డాక కొద్ది నెలల్లోనే 1972 మార్చిలో సైన్యాన్ని వెనక్కి రప్పించింది. అందుకే ఆ జోక్యాన్ని నేను సమర్థిస్తాను. మారణహోమం ఆపడానికి వెళ్లడం, అక్కడి ప్రజలు ఎన్నుకున్నవారే పాలించేలా చూడడం, పని ముగియగానే తిరిగి రావడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. ఇరాన్‌లో ఒక్కటీ లేదు. 1987లో శ్రీలంకకు మన సైన్యం ఒప్పందం ప్రకారమే వెళ్లినా, శాంతి కాపాడటానికి వెళ్లినవాళ్లు ఏ తమిళుల రక్షణ కోసమని వెళ్లారో వాళ్ల మధ్యనే యుద్ధం చేయాల్సి వచ్చి, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో వెనక్కి వచ్చారు. పరాయి దేశాల తప్పులతో పాటు దీన్ని కూడా మీ మనవడికి చెప్పండి.